ఐదో ధమని

రేపు పొద్దున పదింటికి అక్క మెడకు రంధ్రం చేస్తారని నర్సు చెప్పగానే, దర్జీ లేచి మంచం దగ్గరకు వెళ్ళి అక్క గొంతు కింద, రెండు కాలర్ ఎముకలూ కలిసే పల్లంలో చూపుడు వేలు పెట్టి చూశాడు. చూసేవాళ్ళకి తమ్ముడు అక్కను ప్రేమగా తడుముతున్నట్టే ఉంటుంది. అతను వెతుకుతున్నది వేరు. వేలి కింద ఏదో కొట్టుకుంది. వేలు తీసి చెమట తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. మళ్ళీ కొట్టుకుంది.

అతను పేరుకే దర్జీ. ఆ ఆస్పత్రి పక్కనే ఉన్న వైద్య కళాశాలలో, శవాలు కోసి పాఠం చెప్పే హాల్లో ఇరవై ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాడు. శవం రాగానే తొడలో గాటు పెట్టి ధమనుల్లోకి ఎర్ర రంగు ఎక్కించడం, అది గట్టిపడ్డాక చర్మం వలిచి, కొవ్వు గీకి, ఒక్కో నరం, ఒక్కో నాళం విడదీసి పిల్లల ముందు పెట్టడం అతని పని. మెడ, పై ఛాతీ అయితే మరీ ప్రీతి. కాలర్ ఎముక తీసేస్తే దాని వెనక చేతికి వెళ్ళే పెద్ద ధమని వంపు తిరిగి కనిపిస్తుంది. దాన్నుంచి ఒక కొమ్మ మెడ ఎముకల చిల్లుల్లోంచి మెదడుకి ఎక్కుతుంది. ఒకటి రొమ్ము ఎముక పక్కనుంచి లోలోపలే పొట్ట దాకా దిగుతుంది. మూడోది పొట్టి కాండం, పుట్టీ పుట్టకుండానే చీలిపోయి, ఒక పాయ గొంతు ముందున్న థైరాయిడ్ గ్రంథికి, మిగతావి మెడకీ భుజానికీ వెళ్తాయి. చదివిన చదువు ఎనిమిదో తరగతైనా ఇవన్నీ అతనికి సొంత వీధిలోని సందుల్లా తెలుసు.

థైరాయిడ్‌కి రక్తం తెచ్చేవి నాలుగు. పైనుంచి రెండు, కిందనుంచి రెండు. పుస్తకంలో బొమ్మ అంతే. కానీ మనిషిని చేసినవాడు పుస్తకం చూసి చేయలేదు కదా! కొందరికి ఐదోది ఉంటుంది. గుండె పైనున్న పెద్ద నాళాల దగ్గర పుట్టి, గాలిగొట్టం ముందునుంచి నిట్టనిలువుగా పైకి పాకుతుంది. గొంతుకు రంధ్రం చేసేటప్పుడు కత్తి దిగేది సరిగ్గా ఆ దారిలోనే. అది తెగితే కింది ముక్క రొమ్ము ఎముక వెనక్కి జారిపోతుంది. ఇక ఏ డాక్టరు వేలికీ అందదు.

అక్క తన బట్టలు కుట్టే కొట్టు కట్టేసే వేళకి కుర్చీలోంచి ఒరిగిపోయి పదకొండు రోజులైంది. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. నోట్లో గొట్టం, పక్కన ఊపిరి మిషను. మొన్న కళ్ళు తెరిచింది. తమ్ముడి చూపుడు వేలు పట్టుకుని గట్టిగా నొక్కింది. నోట్లో గొట్టం ఇంకెన్నాళ్ళో ఉంచకూడదనీ, మెడలోంచి గాలి దారి పెడితే మిషను మాన్పించి మెల్లగా ఇంటికి పంపొచ్చనీ గొంతు డాక్టరు చెప్పాడు. అంటే అక్క ఇంటికి వచ్చే దారి ఆ రంధ్రమే. ఆ దారికి అడ్డంగా ఏదో కొట్టుకుంటోంది.

అక్క అంటే అతనికి అమ్మే. అతనికి ఏడేళ్ళప్పుడు అమ్మ పోతే, పదిహేడేళ్ళ పిల్ల కుట్టు మిషను ముందు కూర్చుని వాణ్ణి పెంచింది. పెళ్ళయినా, కూతురు చిట్టి పుట్టినా, మొగుడు పోయినా ఆ మిషను ముందునుంచి లేవలేదు. కాజాలు కుట్టడం, అంచు మడవడం తమ్ముడికి నేర్పింది. ఆవిడకొక పట్టింపు ఉండేది. చొక్కా కుట్టడం అయ్యాక తిరగేసి, వేలాడే దారం కొస ఒక్కటైనా కనబడితే చాలు, కత్తెర తీసేది. "కొస వేలాడిందంటే దర్జీకి సిగ్గుచేటురా. లాగితే కుట్టంతా ఊడొస్తుంది" అనేది. తమ్ముడి చేతి పనితనం చూసే కళాశాలలో పని ఇచ్చారు. పిల్లలు దర్జీ అని పేరు పెట్టారు. "నీ ముఖానికి దర్జీ అట! శవాలకి గుండీలు పెడతావా?" అని అక్క పడీ పడీ నవ్వింది.

చేరిన రెండో ఏడు జరిగిందొకటి. పరీక్ష రోజు బయటి కళాశాలనుంచి వచ్చిన పరీక్షకుడు, బల్ల మీది మెడలో ఎర్రగా నిలబడ్డ ఒక నాళం చూపించి ఒక అమ్మాయిని దీని పేరేంటి అని అడిగాడు. అమ్మాయి నీళ్ళు నమిలింది. ఏడ్చింది. నిజానికి అడిగినాయనకీ వెంటనే పేరు తట్టలేదు. హాలు అధిపతి పెద్ద సారు ముఖం మాడిపోయింది. అందరూ వెళ్ళాక దర్జీని పిలిచి, "పుస్తకంలో లేనిది నా బల్ల మీద ఉండకూడదు. అర్థమైందా?" అన్నాడు.

అర్థమైంది. అవసరానికి మించి అర్థమైంది! ఆ రోజునుంచి ఐదోది కనబడితే మొదట్లోనే కత్తిరించి తీసేసేవాడు. మిగిలిన మొండిని కింది కండకు అదిమి, కండ రంగు ఒక్క చుక్క అద్దేవాడు. పెద్ద సారు చెప్పింది పరీక్ష బల్ల సంగతి. ఇతను అన్ని బల్లల మీదా అదే చేశాడు. ఏడాదికి ఒకటో రెండో. పెద్ద సారు పోయాడు. తర్వాత ముగ్గురు వచ్చారు. వాళ్ళెవరూ చెయ్యమనలేదు, వాళ్ళకసలు తెలియనే తెలియదు. చేతికి అలవాటైపోయింది. "మన హాల్లో శవాలు పుస్తకం చదివి పుట్టినట్టుంటాయి" అని పిల్లలంటే ఒళ్ళు పొంగేది వెర్రివాడికి.

ఒకరోజు అన్నం తింటూ ఈ సంగతి గొప్పగా అక్కకి చెప్పాడు. చిట్టి కూడా అక్కడే ఉంది, అప్పుడు పదిహేనేళ్ళు దానికి. అక్క నవ్వలేదు.

"నేను కత్తిరించేది నేను కుట్టిన దారంరా. నువ్వు కుట్టనిది నువ్వెందుకు కత్తిరిస్తావ్?"

"చచ్చినోళ్ళకి దాంతో ఏం పనక్కా?"

"ఏమో నాయనా! ఉన్నది లేదని చూపించడం నాకైతే నచ్చలా. మజ్జిగ పోసుకో."

అంతే, ఆ మాట అక్కడితో అయిపోయింది. అతను మజ్జిగ పోసుకున్నాడు.

ఇప్పుడు అక్క పల్లంలోంచి వేలు తీసి, దర్జీ వరండా దాటి గొంతు డాక్టరు గదికి నడిచాడు. ఎలా చెప్పాలో దారిలోనే మాటలు కూర్చుకున్నాడు. ఒక్క ముక్క చాలు. సార్, ఐదోవి మన హాల్లో ఉండేవి, నేనే కత్తిరించాను. ఇంతే కదా! దీనికేం నోరు పడిపోతుంది?

డాక్టరు బల్ల ముందు ఇద్దరు కుర్ర డాక్టర్లు నిలబడి ఉన్నారు. దర్జీని చూడగానే ఆయన లేచి నిలబడ్డాడు. పంతొమ్మిదేళ్ళ క్రితం ఆ హాల్లో బంగారు పతకం కొట్టినవాడు. మంచివాడు, పాత మనుషుల్ని మరిచిపోయే రకం కాదు.

"రండి రండి దర్జీ గారూ. ఈయన్ని చూడండర్రా! నా చేతికి మెడంటే ఏంటో నేర్పింది ఈయన. ఆ సీసా చూశారా? నాకు పతకం వచ్చినప్పుడు ఈయన చేసిచ్చిందే. ఈ గదికొచ్చిన పదేళ్ళుగా నా బల్ల మీదే ఉంది. కత్తి పట్టే ముందు దాన్నొకసారి చూసుకుని వెళ్తా."

గాజు సీసాలో, మందు నీళ్ళలో, ఒక మెడా పై ఛాతీ నిలబడి ఉన్నాయి. ఎర్ర ధమనులు ఒక్క పోగు అటూ ఇటూ కాకుండా చీలిపోయి ఉన్నాయి. కుర్ర డాక్టర్లు వంగి చూసి, అబ్బ అన్నారు. దర్జీ చూపు మాత్రం గాలిగొట్టం అడుగున, ఎడమ పక్కన, బియ్యపు గింజంత రంగు చుక్క మీదకి పోయింది. అది అక్కడ ఉందని ప్రపంచంలో అతనొక్కడికే తెలుసు.

"సార్, అక్క గొంతు పల్లంలో ఏదో కొట్టుకుంటోంది సార్" అన్నాడు.

"అరవై ఆరేళ్ళు కదండీ. ఈ వయసులో ఎముక వెనక ధమని కాస్త వంకర తిరిగి పైకొస్తుంది. అదే అయ్యుంటుంది."

"ఒక్కోసారి ఐదోది ఉంటుంది కద సార్. గాలిగొట్టం ముందునుంచి..."

డాక్టరు నవ్వాడు. వెక్కిరింపు లేదు ఆ నవ్వులో, ముచ్చటే ఉంది. "దాని పేరు థైరాయిడియా ఇమా! చూశార్రా, మీకంటే ఈయనే నయం. వందలో నలుగురైదుగురికి ఉంటుందని పుస్తకాలంటాయి. దర్జీ గారూ, చదువుకునేటప్పుడు రెండేళ్ళు, చదువు చెప్పేటప్పుడు నాలుగేళ్ళు, మీ హాల్లో ఎన్ని మెడలు చూశాను నేను? మీరే చెప్పండి. ఒక్కదాంట్లో ఉందా?"

"లేదు సార్."

"మరింకేం? మన వైపు మనుషులకి లేదండీ అది. ఆ పుస్తకాలు రాసినోళ్ళు ఎక్కడి శవాల్ని చూసి రాశారో!"

కుర్ర డాక్టర్లు తలూపారు. దర్జీ కూర్చుకున్న మాట నాలుక మీదే ఉంది. చెప్పేస్తే అయిపోయేది! ముగ్గురూ ఆ సీసా వైపు చూస్తున్నారు. ఇరవై ఎనిమిదేళ్ళ పరువంతా ఆ మందు నీళ్ళలో మునిగి ఉంది. సిగ్గు అతని మెడ పట్టుకుంది.

"ఒకసారి స్కానింగ్ తీస్తే..." అన్నాడు నసుగుతూ.

"మిషను మీదున్న మనిషిని మూడంతస్తులు కిందికి మోసుకెళ్ళాలండీ. దానివల్లే ప్రమాదం ఎక్కువ. మీరు బెంగ పెట్టుకోకండి. మీ అక్క నాకూ అక్కే."

"జాగ్రత్తగా చూడండి సార్" అని దర్జీ బయటికి వచ్చేశాడు. వచ్చాక ఛాతీ మీద బరువు దిగినట్టనిపించింది, అది మరీ ఘోరం. అంత పెద్ద డాక్టరే లేదంటుంటే నేనెవణ్ణి ఉందనడానికి అనుకున్నాడు. లేదని ఆయనకి నేర్పింది ఎవరో ఆలోచించదలచుకోలేదు.

పొద్దున తొమ్మిదిన్నరకి చిట్టి వచ్చింది. ఇప్పుడు కొట్టు నడిపేది చిట్టే. సంచిలోంచి లేత నీలం గౌను తీసి చూపించింది. మెడ బాగా వెడల్పుగా, ముందువైపు తాళ్ళతో ముడేసుకునేలా కుట్టింది.

"గొట్టానికి తగలకుండా ఉంటుందని ఇట్టా కుట్టా మావయ్యా. రంధ్రం ఎంత పెడతారు?"

"చిటికెన వేలంత."

"నొప్పుంటుందా?"

"తెలీదులే అమ్మకి. మత్తిస్తారు."

"మరి నువ్వెందుకట్టా నిలబడే ఉన్నావ్? కూర్చో."

అతను కూర్చున్నాడు. అక్క మంచాన్ని తోసుకుంటూ తీసుకొచ్చారు. వెనకే డాక్టరు. పక్కనుంచి పోతూ దర్జీ భుజం తట్టాడు. దర్జీ లేచాడు.

"సార్, ఒక్క మాట..."

"ఇరవై నిమిషాల పనండీ. వచ్చాక మాట్లాడుకుందాం."

తలుపు మూసుకుంది. చేత్తో ఆపితే ఆగే తలుపే. అతను ఆపలేదు.

పన్నెండు నిమిషాలకి లోపల రక్తం లాగే మిషను మోత మొదలైంది. మొదట మామూలుగానే ఉంది. తర్వాత గరగరమంటూ ఆగకుండా మోగింది. ఒక నర్సు పరుగున బయటికొచ్చి, రెండు రక్తం సంచులు పట్టుకుని పరుగున లోపలికి పోయింది. "ఏమైంది సిస్టర్?" అని చిట్టి అడిగినా ఆగలేదు. ఇంకో కుర్ర డాక్టరు పరిగెత్తాడు. దర్జీ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. లోపల ఏం జరుగుతోందో అతనికి కళ్ళకి కట్టినట్టు కనబడుతోంది. తెగిన కొస కిందికి జారింది. వేళ్ళు వెతుకుతున్నాయి. ఎముక అడ్డం. ఇంకా వెతుకుతున్నాయి. అయ్యో అక్కా అనుకున్నాడు, పైకి అనలేకపోయాడు. కాసేపటికి మిషను ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఏమిటో చిట్టికి కూడా అర్థమైంది.

డాక్టరు బయటికొచ్చాడు. బూట్ల మీద, మోచేతుల దాకా రక్తం. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీలేదమ్మా. గాలిగొట్టం ముందు ఏదో తెగింది. కిందికి జారిపోయింది. పట్టుకోలేకపోయా." ఆయన దర్జీ వైపు తిరిగాడు. "నా చెయ్యి తప్పింది. దర్జీ గారూ, నన్ను క్షమించండి. ఎన్ని వందలు చేశానో. నా చెయ్యే తప్పింది."

చిట్టి నేల మీద కూలబడి, అమ్మా అమ్మా అని గుండెలు బాదుకుంది. దర్జీ దాని పక్కన కూర్చున్నాడు, చెయ్యి వెయ్యడానికి మాత్రం ధైర్యం చాలలేదు. చాలాసేపటికి అది ముఖం తుడుచుకుని, ఆ నీలం గౌను ఒళ్ళోకి లాక్కుంది.

"మావయ్యా, అమ్మ మెడకి ఎవరో చెయ్యి పెట్టి కుట్టడం నాకిష్టం లేదు. నువ్వే కుట్టు. నీ కుట్టు పడితే కనబడనే కనబడదు. నేను పక్కనే ఉంటా."

డాక్టరు తలూపాడు. ఆ పూట ఆయన దేనికీ కాదనే స్థితిలో లేడు.

లోపల నేల కడిగారు కానీ మూలల్లో ఎరుపు ఇంకా ఉంది. అక్క ముఖం మీద జుట్టు అతుక్కుని ఉంటే చిట్టి సర్దింది. దర్జీ తొడుగులు వేసుకుని, గాయం అంచు ఎత్తి, దూదితో తుడిచి లోపలికి చూశాడు. చూడకుండా కుట్టేయొచ్చు. చూశాడు. గాలిగొట్టం ముందు, థైరాయిడ్‌కి అంటుకుని పై ముక్క మిగిలి ఉంది. పెన్ను రీఫిల్లంత లావు. ఎన్నోసార్లు చూసిందే, ఎన్నోసార్లు కత్తిరించిందే. ఇంత లావుది మాత్రం ఎప్పుడూ చూడలేదు.

"సార్" అన్నాడు. "మీ చెయ్యి తప్పలేదు సార్."

డాక్టరు దగ్గరికొచ్చి వంగి చూశాడు. చూసి, మెల్లగా తలెత్తాడు. "ఇదీ... ఇది ఐదోది కదా. నిన్న మీరు చెప్పింది."

"అవును సార్."

"ఉందని మీకెలా అనిపించింది? మీ హాల్లో ఒక్కటి కూడా..."

"ఉండేవి సార్. ఏడాదికి ఒకటి రెండు ఉండేవి. నేనే కత్తిరించేవాణ్ణి. కత్తిరించి రంగద్దేవాణ్ణి. మీ బల్ల మీద సీసాలో కూడా ఉంది సార్. గాలిగొట్టం అడుగున, ఎడమ పక్క. గోటితో గీకితే రంగు ఊడొస్తుంది."

గదిలో కొళాయి చుక్క చుక్కగా కారుతోంది. ఎవరూ కట్టలేదు.

"ఎన్ని?" అన్నాడు డాక్టరు.

"రాసుకోలేదు సార్. ముప్పై దాకా ఉంటాయి."

"నిన్న నా గదికొచ్చారు. లేదు సార్ అన్నారు."

"అన్నాను సార్."

"మీ హాల్లో చదువుకుని ఎంతమంది బయటికెళ్ళారో తెలుసా మీకు? వాళ్ళలో ఎంతమంది ఇవాళ ఎక్కడో కత్తి పట్టుకుని..." ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

దర్జీ చిట్టి వైపు చూడలేకపోయాడు. సూదిలోకి దారం ఎక్కించబోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఎన్నడూ గురి తప్పని చెయ్యి అది, అయినా దారం మూడుసార్లు పక్కకి పోయింది. చిట్టి వచ్చి సూదీ దారం అతని చేతిలోంచి తీసుకుంది. తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది.

"అమ్మ నీకు చెప్పింది" అంది. "అన్నం దగ్గర చెప్పింది. నేను విన్నా."

దారం ఎక్కించి, తల్లి మెడ దగ్గర వంగి అదే కుట్టడం మొదలుపెట్టింది. గుడ్డ కుట్టిన చెయ్యే కానీ చర్మం కొత్త. కన్నీళ్ళకి కుట్టు అడ్డదిడ్డంగా పడింది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఆరో కుట్టు వేసి ముడేసింది. ముడి దగ్గర దారం జానెడు మిగిలి అక్క మెడ మీద వేలాడింది.

దర్జీ చెయ్యి దానంతటదే కదిలింది. పళ్ళెంలోంచి కత్తెర తీసుకుని ఆ కొస దగ్గరకు పోయింది. చిట్టి అతని మణికట్టు పట్టుకుంది.

"ఉండనీ" అంది. "ఉన్నది ఉండనీ మావయ్యా."